ఖాళీ సీట్ల లెక్క

2006 అక్టోబర్ 15, ఆదివారం. సోమశిల లాంచీ రేవు, ఉదయం ఆరున్నర.

హాజరు: టూర్ ఇన్‌ఛార్జిగా నేను. లాంచీ సారంగు మౌలాలి. బస్సు డ్రైవర్ జంగయ్య. ప్రయాణికులు ముప్పై ఎనిమిది మంది. గైరుహాజరు: సహాయ గైడు, జ్వరం వల్ల సెలవు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. యాత్రలు నడిపే ఒక సంస్థలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఆఖరి నాలుగేళ్లు నన్ను సోమశిల రేవుకు వేశారు. గైడు ఉద్యోగమంటే మాటలు చెప్పడమని చాలామంది అనుకుంటారు. మాటలు అందులో మూడో వంతు కూడా ఉండవు. మిగిలినదంతా మనుషులను దించడం, ఎక్కించడం, లెక్కపెట్టడం.

మా యాత్ర ఏర్పాటు చెబితే తక్కినది అర్థమవుతుంది. కృష్ణ నిండుగా ఉన్న నెలల్లో శ్రీశైలం నుంచి లాంచీ బయలుదేరి, నల్లమల కొండల మధ్యగా ఎదురు నీటిలో వచ్చి, శనివారం సాయంత్రానికి సోమశిల చేరుతుంది. రాత్రికి ప్రయాణికులు గట్టు మీది అతిథి గృహంలో బస చేస్తారు. ఆదివారం ఒడ్డు యాత్ర. అంటే బస్సులో కొల్లాపూర్ మీదుగా వనపర్తి కోట, ఆత్మకూరు దాటాక జూరాల ఆనకట్ట, గద్వాలలో భోజనం, కోట, మగ్గాలు చూసి మళ్లీ రేవుకు. ఇప్పుడు ఇవి మూడు జిల్లాలు, అప్పటికి ఒకటే జిల్లా. సోమవారం ఉదయం ఆరున్నరకల్లా అందరూ రేవుకు రావాలి, ఏడు గంటలకు లాంచీ తిరుగు ప్రయాణం.

ఆ ఏడు గంటలకు సడలింపు లేదు. కొండల మధ్య చీకట్లో లాంచీ నడపకూడదన్నది ఒక నియమం. శ్రీశైలంలో హైదరాబాదు బస్సు మధ్యాహ్నం మూడింటికి సిద్ధంగా ఉంటుందన్నది రెండో కారణం. ఇక మూడో నియమం అన్నిటికంటే గట్టిది. రేవులో ఎంతమంది దిగారో అంతమందీ ఎక్కితేనే సారంగు లంగరు తీయాలి. ఒక్కరు తగ్గినా పోలీసు ఠాణాలో ఫిర్యాదు రాసిచ్చినట్టు రసీదు చూపాలి. సారంగు అంటే లాంచీకి పెద్ద. నీళ్ల మీద ఉన్నంతసేపు నేను కూడా ఆయన మాట వినాల్సిందే.

ఆ రోజు మొదటి ఆలస్యం గ్రూప్ ఫోటో వల్ల. పన్నెండు నిమిషాలు. అందరూ మెట్ల మీద నిలబడ్డాక విశ్వనాథం గారని, విద్యుత్ కార్యాలయంలో లెక్కల విభాగం నుంచి రిటైరైన పెద్దమనిషి, వరసలోంచి తప్పుకొని దూరంగా వెళ్లి నిలబడ్డారు. రమ్మంటే రానన్నారు. ఆయన భార్య సుభద్రమ్మ గారు కెమెరా వైపు తప్ప ఇంకెటూ చూడలేదు. కారణం నేను అడగలేదు. నలభై ఏళ్ల కాపురాల మధ్య గైడు దూరకూడదని ఉద్యోగంలో చేరిన ఏడాదే తెలుసుకున్నాను. ఈ ఒక్కసారి దూరి ఉండాల్సింది.

రెండో ఆలస్యం కొల్లాపూర్ దాటాక సీతాఫలాల దగ్గర. అది సీతాఫలాల కాలం. రోడ్డు పక్కన గంపలు కనిపించగానే ఇరవై గొంతులు ఒకేసారి ఆపమన్నాయి. పండినవి కావాలని కొందరు, రెండు రోజులకు పండేవి కావాలని కొందరు. పండు పండునూ నొక్కి చూసి, కిందపెట్టి, మళ్లీ అదే పండు తీసుకున్నారు. పంతొమ్మిది నిమిషాలు. పానగల్ దగ్గర మూత్ర విసర్జనకు ఎనిమిది నిమిషాలు. కొల్లాపూర్‌లో ఎందుకు ఆపలేదని నన్నే అడిగారు. కొల్లాపూర్‌లో ఆపాను. అప్పుడు ఎవరికీ అవసరం రాలేదు.

తొమ్మిదింబావుకు వనపర్తి చేరాం. కోట ద్వారానికి ఎదురుగా బస్సు నిలిపి నా వాడుక ప్రకారం రెండు మాటలు చెప్పాను. సరిగ్గా పదింటికి బస్సు కదులుతుంది. ఎవరైనా తప్పిపోతే దిగిన చోటే నిలబడాలి, అడుగు కూడా కదలకూడదు, మేమే వెనక్కి వస్తాం. నా ఫోన్ నంబరున్న కార్డు అందరికీ శనివారమే ఇచ్చాను.

కోట చూసి వచ్చినవాళ్లు బస్సు ఎక్కకుండా వేడి వేడి ఉడకబెట్టిన పల్లీల బండి దగ్గర ఆగారు. వాళ్లను ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకొని తీసుకొచ్చినంత పనైంది. పది దాటి పద్నాలుగు నిమిషాలకు బస్సెక్కి లెక్క చూశాను.

ఇక్కడ మా వృత్తి కిటుకు ఒకటి చెప్పాలి. బస్సులో తలలు లెక్కపెడితే తప్పు వస్తుంది. ఒకరు వంగుతారు, ఒకరు లేస్తారు, ఒకరు పిలిచి ప్రశ్న అడుగుతారు. అందుకని అనుభవమున్నవాళ్లు ఖాళీ సీట్లు లెక్కపెడతారు. మా బస్సు నలభై సీట్లది. ముప్పై ఎనిమిది మంది. చివరి వరసలో రెండు సీట్ల మీద సంచులు. ఆ రెండు తప్ప ఇంకేదీ ఖాళీ లేకపోతే అందరూ వచ్చినట్టే. ఒక్క చూపుతో అయిపోతుంది. పాతికేళ్లు ఆ ఒక్క చూపుతోనే నడిపాను. ఆ రోజూ చూశాను. ఖాళీలు రెండే. పోనిమ్మన్నాను.

జూరాల ఆనకట్ట గురించి మైకులో చెబుతూ ఆత్మకూరు చేరేసరికి పదకొండు దాటింది. బస్టాండు ముందు నుంచి వెళుతుంటే నాలుగో వరసలో నుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది.

"ఆపు, ఆపుండ్రి! ఇగ నేను దిగుత!"

చూస్తే ఒక ముసలావిడ. తల మీద కొంగు, చంకలో మూట. మా ప్రయాణికురాలు కాదు. సుభద్రమ్మ గారి పక్క సీట్లో నుంచి లేస్తోంది. ఎవరమ్మా నువ్వని అడిగాను.

"నేను బాలమ్మను. మా బిడ్డ ఈడనే ఉంటది, సంత బజార్ల. వనపర్తిల ఎక్కిన గద."

ఇది సర్వీసు బస్సు కాదన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంది సారూ గట్లంటవు? గా డ్రైవర్ను అడిగే ఎక్కిన. ఆత్మకూరు పోతదా అంటే తలకాయ ఊపిండు. జాగ ఖాళీ ఉండె, కూసున్న. గీ అక్క ఎంత మంచిగ ముచ్చట వెట్టింది! నువ్వేంది జర పరేషాన్ అయితున్నవు?"

జంగయ్యను చూశాను. పదిహేనేళ్లు పల్లె రూట్లలో బస్సు నడిపిన మనిషి.

"బస్సు మలుపుతుంటే ముసలమ్మ చెయ్యెత్తింది సార్, ఎట్ల ఇడిసిపెట్టి వస్త? చెయ్యెత్తితే నా కాలు దాని అంతట అదే బ్రేకు మీదికి పోతది. మీరు పల్లీల బండికాడ ఉన్నరు. మీకు చెప్దామనుకుంటనే మర్చిన."

బాలమ్మ దిగిపోయింది. దిగుతూ సుభద్రమ్మ గారికి తన మూటలోంచి రెండు జొన్న రొట్టెలు ఇచ్చి, తప్పకుండా ఇంటికి రమ్మని చెప్పి మరీ వెళ్లింది. ఆ సీటు ఖాళీ అయింది. అప్పుడు ఖాళీలు మూడు.

ఆ సీటు ఎవరిదని అడిగితే సుభద్రమ్మ గారు కిటికీ వైపు చూస్తూ, "మా వారిదే. వెనక ఎక్కడో కూర్చున్నారు," అన్నారు.

వెనక లేరు. ముందూ లేరు. ఆయన ఫోన్ నంబరు జాబితాలో ఉంది. మోగించాను. సుభద్రమ్మ గారి చేతిసంచిలో మోగింది. నేనిచ్చిన కార్డూ అందులోనే ఉంది. కొత్త ఫోను నంబరు ఆయనకు ఇంకా నోటికి రాదట. ఉదయం ఆరింటి నుంచి ఆవిడా ఆయనా మాట్లాడుకోవడం లేదట.

"మూడు రోజుల గడ్డంతో నా పక్కన ఫోటోకి నిలబడకండీ అన్నాను. దానికి అలిగారు. వనపర్తిలో కోట లోపలికి కూడా రాలేదు. బస్సెక్కాక ఈవిడ వచ్చి కూర్చుంటే, నా పక్కన కూర్చోవడం ఇష్టంలేక సీటు ఇచ్చేసి వెనక్కి వెళ్లారనుకున్నాను. తిరిగి చూస్తే నేను లొంగినట్టవుతుందని చూడలేదండీ."

అంటే గంటసేపు ఆ ఇద్దరు ఆడవాళ్లు కోడళ్ల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఆ గంటా ఆ పెద్దమనిషి వనపర్తిలో రోడ్డు మీద ఉన్నారు. ఆయనకు షుగరు, రక్తపోటు. మాత్రలు కూడా ఈవిడ సంచిలోనే. పన్నెండున్నరకు ఒకటి, సాయంత్రం రెండు వేసుకోవాలి.

బస్సులో ముప్పై ఏడు మంది ఉంటే ముప్పై ఏడు సలహాలు వచ్చాయి. అందరం వెనక్కి వెళదామన్నారు. అక్కర్లేదు, ఆయనే వస్తారన్నారు. జూరాల చూసి వద్దామని ఒకాయన అన్నాడు. ఇన్‌ఛార్జి లేకుండా గుంపును ముందుకు పంపకూడదన్నది నియమం, కాబట్టి బస్సును ఆత్మకూరు బస్టాండులో నిలిపి, సుభద్రమ్మ గారిని తీసుకొని నేను అద్దె జీపులో వనపర్తికి తిరిగాను. ఆయన దిగిన చోటే నిలబడి ఉంటారని నా నమ్మకం. చెప్పాను కదా, అడుగు కదలొద్దని.

కోట ద్వారం దగ్గర ఎవరూ లేరు. ఎదురుగా చిన్న కటింగ్ షాపు. అందులో అడిగితే షాపాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"గా పెద్దమనిషి మీవోడేనా? ఒక చెంప గీకిన సార్. రెండో చెంపకు సబ్బు వెట్టిన. గప్పుడే బస్సు కదిలింది. ఆగుండ్రి అంటున్న, ఇనలే. నా టవలు మెడల ఉండంగనే ఉరికిండు. దొరకలే. మళ్ల వచ్చి కూసుంటడేమో, మిగిలింది గీకుదామనుకున్న. గద్వాల బస్సు ఏదని అడిగి పోయిండు. ముందుగాల నా టవలు సంగతి చెప్పుండ్రి."

సుభద్రమ్మ గారు ఆ షాపు మెట్టు మీద కూర్చుండిపోయారు. గడ్డం గీయించుకోవడానికి వెళ్లారా అని ఒక్క మాట మాత్రం అన్నారు.

బస్టాండులో విచారిస్తే సంగతి తేలింది. వనపర్తి నుంచి గద్వాలకు రెండు దారులు. మేం వెళ్లింది ఆత్మకూరు, జూరాల మీదుగా. ఇంకొకటి పెబ్బేరు మీదుగా, పెద్ద రోడ్డు పట్టుకొని. పదకొండు లోపు కదిలిన గద్వాల బస్సు పెబ్బేరు మీది నుంచి వెళ్లేది. ఆయన అదే ఎక్కారు. ఆయన చేతిలో మా కార్యక్రమ పత్రం ఉంది. పన్నెండున్నరకు గద్వాల అని అందులో ఉంది. లెక్కల విభాగంలో పనిచేసిన మనిషి కాగితాన్ని నమ్మారు. నేను నోటితో చెప్పింది గాలికి పోయింది.

గద్వాలలో మేం చూపించే మగ్గం నర్సింలు అనే నేతపనివాడి ఇంట్లో ఉంది. ఆయనకు ఫోన్ లేదు. వీధి మొదట్లో ఉన్న టెలిఫోన్ బూతు నంబరు నా దగ్గరుంది. ఆదివారం, బూతు మూసి ఉంది. జీపులో ఆత్మకూరు, అక్కడి నుంచి బస్సులో జూరాల దాటి గద్వాల చేరేసరికి రెండు. జూరాల మీద బస్సు ఆపలేదు. ఆపలేదని బస్సులో గొణుగుడు. ఆనకట్ట గేట్లు కిటికీలోంచే చూపించాను.

నర్సింలు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"పన్నెండున్నరకు ముప్పై ఎనిమిది మంది వస్తరంటిరి సార్. ఒక్కడొచ్చిండు. అది గూడ సగం గడ్డంతోని. మా ఆడోళ్లు నవ్వుడే నవ్వుడు. మంచోడు గానీ. మగ్గం ముంగట గంటసేపు కూసుండు. అన్నం పెట్టినం, తిన్నడు. మీరు రాకపాయె. 'మావాళ్లు నన్ను ఇడిసిపెట్టి రారు, వనపర్తిలనే ఎతుకుతుంటరు' అన్కుంట పావుగంట కింద బస్టాండుకు పోయిండు."

ఎందుకు ఆపలేదని అడిగాను.

"నేనెట్ల ఆపుత సార్? మీరొస్తున్నరని నాకేం తెల్సు?"

నిజమే. ఆయనకు తెలియదు. జంగయ్యను బస్టాండుకు పరుగెత్తించాను. వనపర్తి బస్సు వెళ్లిపోయింది.

భోజనం పదిహేను నిమిషాల్లో ముగించి వెంటనే బయలుదేరాలని గుంపుకు చెప్పాను. అందరూ సరేనన్నారు. పదిహేను నిమిషాల తర్వాత చూస్తే పదకొండు మంది ఆడవాళ్లు నర్సింలు ఇంట్లో చీరలు విప్పిస్తున్నారు. గద్వాల చీర ఒడలు, అంటే మధ్య భాగం, నూలు, అంచు పట్టు. నూలు పోగునూ పట్టు పోగునూ అంచు దగ్గర ఒకదానికొకటి మెలిపెట్టి పట్టించాలి, అందుకు ప్రతి వరసకూ చెయ్యి ఆగాలి. మామూలు రోజుల్లో నేనే నిలబడి ఇదంతా గంటసేపు చెబుతాను. ఆ రోజు గుమ్మంలో నిలబడి, ఒక మనిషి తప్పిపోయాడమ్మా అని మూడుసార్లు అరిచాను. ఆకుపచ్చ అంచుది ఇంకోటి చూపించమని లోపల అడుగుతున్నారు. సుభద్రమ్మ గారు దిగలేదు. బస్సులో కూర్చొని మాత్రల అట్టను చేతిలో తిప్పుతున్నారు.

ఈసారి పెబ్బేరు దారిలో వచ్చాను. దారిలో ఆగే ప్రతి చోటా దిగి అడిగాను. ఎర్రవల్లి చౌరస్తాలో ఒక టీ కొట్టాయన, మెడలో టవలుతో ఒకాయన బస్సు కిటికీలోంచి నీళ్లు అడిగాడని చెప్పాడు. వనపర్తి చేరేసరికి అయిదు కావస్తోంది. కోట ద్వారం దగ్గర లేరు. బస్టాండులో కంట్రోలరును బతిమాలి మైకులో పేరు పిలిపించాను. మూడుసార్లు పిలిచారు. ఎవరూ రాలేదు. కటింగ్ షాపు మూసేసి ఉంది.

ఠాణాకు వెళ్లక తప్పలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఒక ప్రయాణికుడి కోసం ఠాణా మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. రైటరు, అంటే ఫిర్యాదులు రాసుకొనే కానిస్టేబులు, కాగితం తీసి ఆనవాళ్లు చెప్పమన్నాడు. సుభద్రమ్మ గారు చెప్పారు. ఎత్తు, రంగు, తెల్ల చొక్కా, గోధుమరంగు ప్యాంటు.

"గడ్డం ఉందా?"

"ఒక వైపు ఉంటుంది బాబూ. ఒక వైపు ఉండదు."

రైటరు కలం కింద పెట్టాడు. "ఏ దిక్కు ఉంటది అమ్మా?"

 ఆవిడ, "నేను చూడలేదు బాబూ. పొద్దుటి నుంచి ఆయన ముఖం చూడలేదు," అన్నారు. అప్పటివరకూ గట్టిగా ఉన్న మనిషి అక్కడ కళ్లొత్తుకున్నారు. రైటరు ఆ గడి ఖాళీగా వదిలేశాడు. పెద్దమనుషులు ఒక రాత్రి ఎక్కడో ఉండి పొద్దుటికి వస్తారని, పొద్దుటికీ రాకపోతే కేసు కడతామని చెప్పాడు. రసీదు ఉదయం ఎస్సై వచ్చాకే ఇస్తారట.

అంటే నా దగ్గర రసీదు లేదు. ఉదయం ఏడింటిలోపు మనిషి రాకపోతే లాంచీ కదలదు. లాంచీ కదలకపోతే ముప్పై ఏడు మంది సోమశిలలో చిక్కుకుంటారు. మనిషికి ఏమైనా అయితే ఆ సంగతి వేరు. ఆ ఆలోచనను నేను దగ్గరికి రానివ్వలేదని డైరీలో రాసుకున్నాను. అది నిజం కాదు. దారంతా అదే ఆలోచన.

ఎనిమిదింబావుకు గుంపును సోమశిల అతిథి గృహంలో దించాను. గద్వాల కోట చూపించలేదని, జూరాలలో ఆపలేదని భోజనాల దగ్గర ఇద్దరు ప్రశ్నించారు. ఫిర్యాదుల పుస్తకం వాళ్ల ముందు పెట్టాను. 

మర్నాడు ఉదయం ఆరున్నరకు మౌలాలితో మాట్లాడడానికి రేవుకు దిగాను. రసీదు లేదు, ఎస్సై వచ్చేదాకా ఆగాలి, సాయంత్రం లోపు శ్రీశైలం చేరగలమా అని అడగాలి. సుభద్రమ్మ గారు నా వెనకే మెట్లు దిగారు. ఆయన దొరికేదాకా లాంచీ ఎక్కనని అప్పటికే చెప్పేశారు.

లాంచీ పై అంతస్తులో, కమ్మీకి ఆనుకొని, మెడలో టవలుతో విశ్వనాథం గారు పళ్లు తోముకుంటున్నారు.

నన్ను చూసి, "ఆరున్నర దాటింది. మీరు చెప్పిన టైముకు ఎవరూ రారా?" అన్నారు.

మౌలాలి ముందుకొచ్చాడు. "నిన్న పొద్దుగూకే యాళ్లకు వచ్చిండు సార్. వనపర్తిల మీరు కనవడలేదంట, కొల్లాపూర్ బస్సెక్కి, ఆటోల ఈడికొచ్చిండు. గెస్ట్ హౌసుకు తాళం ఉండె. జర ఇంత అన్నం, పచ్చడి పెట్టిన. తిని పండుకున్నడు. మీరు అందరు కలిసే ఉన్నరు, ఈయన ఒక్కడే ముందుగాల వచ్చిండనుకున్న."

వచ్చి ఒక మాట చెప్పొచ్చు కదా అన్నాను. మౌలాలి నా కేసి ఆశ్చర్యంగా చూశాడు. లంగరు వేసిన లాంచీని రాత్రిపూట సారంగు వదిలి వెళ్లకూడదన్నది నియమం. ఆ నియమం కాగితం మీద ఉంది. రాసింది నేనే. మూడు ఊళ్లు వెతికి, పోలీసులను కలిసి, అతిథి గృహానికి మూడు వందల గజాల దూరంలో ఉన్న లాంచీలో నేను వెతకలేదు. ప్రయాణికుడు తానే సరైన చోటికి వస్తాడని నా పద్ధతిలో ఎక్కడా లేదు.

సుభద్రమ్మ గారు పైకెక్కి ఆయన ముందు నిలబడ్డారు. ఎడమ చెంప నున్నగా ఉంది. కుడి వైపు గడ్డం నాలుగో రోజుకు చేరింది.

"గద్వాలలో మిగతాది గీయించుకోవడానికి ఏమైందండీ?"

"టైమెక్కడిది? మీ కోసం తిరగడానికే సరిపోయింది."

"మా కోసమా?"

"మరి ఎవరి కోసం? నేనెక్కడున్నానో నాకు తెలుసు కదా. మీరెక్కడున్నారో, అదే తెలియలేదు."

ఆవిడ మాత్రలు, నీళ్లు ఇచ్చారు. ఆయన వేసుకున్నారు. తర్వాత ఆయన నన్ను పిలిచి ఫిర్యాదుల పుస్తకం అడిగారు. నిలబడే, చక్కటి దస్తూరీతో పేజీన్నర రాశారు. వనపర్తిలో పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరిన బస్సు ఇంకో అయిదు నిమిషాలు ఆగలేకపోవడం అందులో మొదటి అంశం. నిర్ణీత సమయానికి బస్సు గద్వాల చేరకపోవడం రెండోది. గద్వాల మగ్గం కార్యక్రమం మాత్రం సంతృప్తికరమని, నేతపని వివరించిన తీరు బాగుందని చివర రాశారు. ఆ వివరణ నాది కాదు. నర్సింలుది.

ఠాణాకు ఫోన్ చేయడానికి జంగయ్యను కొల్లాపూర్ పంపాను. రేవులో సిగ్నల్ ఉండదు. టవలును కూడా అతని చేతికే ఇచ్చి, వనపర్తిలో ఎవరి ద్వారానైనా అందించమన్నాను.

ఏడు దాటింది. అందరినీ రేవు మెట్ల మీద నిలబెట్టి, జాబితా తీసి, మొదటిసారిగా ఒక్కొక్క పేరూ చదివాను. పేరు పిలిస్తే చెయ్యెత్తి "ఉన్నాను" అనాలని చెప్పాను. చిన్నపిల్లల బడి అనుకుంటున్నారా అని గద్వాల కోట చూపించలేదన్న ఆసామి అడిగాడు. అవునన్నాను. పదహారో పేరు సుభద్రమ్మ గారిది.

"ఉంది," అన్నారు విశ్వనాథం గారు.

మీరు చెబితే చెల్లదు, ఆవిడే చెప్పాలన్నాను. ఆయనకు కోపం వచ్చింది. ఆవిడ నా వైపు చూసి, గొంతు సవరించుకొని, "ఉన్నాను," అన్నారు.

ఏడూ ఇరవై అయిదుకు మౌలాలి లంగరు తీశాడు. శ్రీశైలంలో హైదరాబాదు బస్సు అరగంట మా కోసం నిలిచింది. ఆలస్యానికి సంజాయిషీ రాసిచ్చాను.

ఖాళీ సీట్లు లెక్కపెట్టడం ఆ రోజుతో మానేశాను. సీటు నిండితే ఎవరో ఒకరు కూర్చున్నారని మాత్రమే తెలుస్తుంది. తర్వాత ఉద్యోగంలో ఉన్న రెండేళ్లూ ప్రతి మజిలీలో పేర్లు చదివాను. భర్త పేరుకు భార్య, భార్య పేరుకు భర్త పలికితే ఒప్పుకోలేదు. ముప్పై ఎనిమిది పేర్లు చదవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరు విసుక్కున్నారు. ఎవరూ తప్పిపోలేదు.